పాలరోగం అనుకొని వదిలేశాను

"ఎవరు వదలమన్నారవ్వా నిన్ను?"

"నువ్వే కదే. ఏడాది నుంచి ఆవును వదులు, తేనెటీగను వదులు, పట్టుపురుగును వదులు అని నా చెవులు తింటాండావు. ఒకదాన్ని వదిలితే ఇంత రచ్చనా?"

"అది నాది."

"నీదెట్లయితాదే? ఏ ప్రాణమూ ఎవురి సొత్తూ కాదని మొన్న నాకు చెప్పింది నువ్వా, మీ హాస్టల్ వార్డెనా?"

"మాట తిప్పొద్దు. నా ఫోను నాకియ్యి."

"ఇదో, తీసుకో. ఎవురికి కావాల నీ పగిలిన ఫోను."

"ఇంగ నీకియ్యను. నేను ఈడికి రాను కూడా. వచ్చే శనివారం నా కోసం సంగటి కెలకొద్దు."

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, పట్టుపురుగుల షెడ్డు వాకిట్లో జరిగిన గొడవ ఇది. నేను నేల మీద కూర్చుని చంద్రికల్లోంచి గూళ్ళు తీస్తున్నాను. చంద్రిక అంటే వెదురు బద్దలతో చుట్టలు చుట్టలుగా అల్లిన పెద్ద చాప. పురుగు దాని మీదికెక్కి గూడు కట్టుకుంటుంది. నా మనవరాలు గడప అవతల నిలబడి ఉంది. గడప దాటి షెడ్డులోకి రాదు, అది ఆమె నియమం. నేను వదిలేశానని ఆమె ఏడుస్తున్నది ఆవు కోసమో మేక కోసమో కాదు, ఫోన్‌లో ఆటలో ఉండే ఒక జంతువు కోసం.

గొడవలు నాకు కొత్త కాదు. చింతపండు తూకం దగ్గర, బస్సులో సీటు దగ్గర, కోడలితో సబ్బు అరిగిన దగ్గర, రోజుకొకటి పడతాను. కానీ "రాను" అన్న మాట దగ్గర నా చేతిలో గూడు జారి కింద పడింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మాది పెనుకొండ దగ్గర పల్లె. పుట్టింది ధర్మవరంలో, మగ్గాల ఇంట్లో. మూడో తరగతి దాకా బడికి పోయాను, తర్వాత మా నాయన రాట్నం ముందర కూర్చోబెట్టాడు. పెళ్ళయి ఈ పల్లెకు వచ్చిన కొన్నేళ్ళకు పట్టుపురుగుల పని పట్టుకున్నాను. నలభై ఏళ్ళయింది. ఇప్పుడు మల్బరీ తోట కొడుకు చూస్తాడు, పురుగులు నేను చూస్తాను. గూళ్ళు హిందూపురం మార్కెట్టుకు పోతాయి, దారమై ధర్మవరం చేరతాయి, అక్కడ మా అల్లుడి లాంటివాళ్ళ మగ్గాల మీద చీరలవుతాయి. నా బతుకంతా ఈ ఒక్క బస్సు దారిలోనే గడిచింది. నాకేం కొరత లేదు.

మనవరాలు ఆ అల్లుడి కూతురే. హిందూపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పోయిన ఏడాది వీగన్ అయింది. మాంసం ఒక్కటే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె, తోలు చెప్పులు, పట్టు, ప్రాణి నుంచి వచ్చినది ఏదీ ముట్టకూడదట. దసరా సెలవులకు ఇంటికి పోయి, మగ్గం మీదున్న తండ్రితో, "ఈ ఒక్క చీరకు ఎన్ని వేల పురుగుల్ని ఉడకబెట్టినారో తెలుసా నాయనా" అందట. అతడు చేయి ఆపకుండానే, "తెలుసు. నీ హాస్టల్‌కు కట్టిందీ ఆ పురుగులే" అన్నాడట. అప్పటి నుంచి తండ్రీ కూతుళ్ళకు మాటల్లేవు. ధర్మవరం పోవడం మానేసింది. శనివారం కాలేజీ అయ్యాక నా దగ్గరికి వస్తుంది, సోమవారం పొద్దున బస్సుకు పోతుంది.

పట్టు నేసే ఇంటికి పోనిది పురుగులు పెంచే ఇంటికి ఎలా వస్తుందని మీరు అడగొచ్చు. నేను అడగలేదు. అడిగితే ఆలోచిస్తుంది, ఆలోచిస్తే మానేస్తుంది.

ఆమె తిండితో నాకు పేచీ లేదు. నిజానికి లాభమే. నెయ్యి అడగదు, పెరుగు అడగదు. రాగి సంగటి, వేరుశెనగల పచ్చడి, అదే మా చెనక్కాయల ఊరిమిండి, పెడితే మెదలకుండా తింటుంది. చెనక్కాయలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, దాంట్లో మిరపకాయ తొడిమలు వేసి పెరుగు తోడు పెట్టడం నాకు నేర్పింది. మొదటిసారి వాసన చూసి పక్కన పెట్టాను. రెండోసారి ఎవరూ చూడకుండా గ్లాసెడు తాగాను. పిండగా మిగిలిన పిప్పిని ఆమె పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఉప్పూ కారం కలిపి వడియాలు పెట్టించాను.

పట్టు సంగతి వచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేదు.

"నాకుండేది ఒకే పట్టుచీర. మా నాయన నేసింది. నా పెండ్లికి కట్టినాను, మీ అమ్మ పెండ్లికి కట్టినాను. యాభై ఏండ్లకు ఒక చీర. నీకు ఇప్పటికి ఎన్ని ఫోన్లు?"

"మూడు."

"ఆ మూడూ చెట్టుకు కాసినాయా?"

"అది వేరే సంగతవ్వా."

"నీకన్నీ వేరే సంగతులే."

ఆ మూడింటిలో ఒకటి పాతది, అద్దం పగిలింది. దాన్ని ఆట కోసమే ఉంచుకుంది. ఆ ఆటలో రకరకాల జంతువులు పొదల్లో, నీళ్ళ పక్కన కనిపిస్తాయి. ఒక బంతి విసిరితే అది తెరుచుకుని జంతువును లోపలికి లాక్కుంటుంది. అలా పట్టినవన్నీ ఒక పెట్టెలో ఉంటాయి. ఈమె పెట్టెలో మూడు వందలకు పైగా ఉన్నాయి. ఆడేవాళ్ళంతా వాటిని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పి కొట్లాడిస్తారు. ఈమె వీగన్ అయినాక కొట్లాటలు మానేసింది. మరి జంతువు పెరిగేదెట్లా? నడిస్తే పెరుగుతుంది. ఫోన్ ఒంటి మీద పెట్టుకుని ఎంత నడిస్తే, మనం ఎంచుకున్న జంతువు మనతో పాటు అంత నడిచినట్టు లెక్క.

ఈమె క్లాసుల్లో కూర్చునేది. ఎక్కడ నడుస్తుంది? నేనేమో రోజుకు నాలుగు మార్లు తోటకూ షెడ్డుకూ ఆకు మోపులతో తిరుగుతాను. ఒక శనివారం నన్ను చూస్తూ చూస్తూ, "అవ్వా, నీ నడకంతా ఊరికే పోతాంది" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఊరికే పోయేది ఏదైనా నాకు గిట్టదు. సోమవారం పోతూ పాత ఫోన్ నా వక్కాకు తిత్తిలో పెట్టింది. వక్కలు, ఆకులు, సున్నం డబ్బా, వాటి మధ్య జంతువు.

మొదటి వారమే తప్పు చేశాను. ఫోన్ తెరిచి చూస్తే జంతువు కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుని ఉంది. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు ఇట్లాగే తల ఎత్తి కదలకుండా ఉంటుంది, పాత చర్మం వదలడానికి. దాన్ని మేము జ్వరం అంటాం. జ్వరంలో ఉన్న పురుగుకు మేత వేయకూడదు, కదిలించకూడదు. అందుకని ఫోన్‌ను జాగ్రత్తగా గోడ గూట్లో పెట్టి, పైన గుడ్డ కప్పి, ఒక రోజంతా అది లేకుండా నడిచాను. శనివారం వచ్చి అంకెలు చూసుకుని, "బుధవారం నువ్వు మంచం దిగలేదా" అంది. సంగతి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. అది వట్టి నిద్రట.

ఆమె నవ్వడం నాకు ఆ ఏడాదిలో అదే మొదటిసారి కనిపించింది. అప్పటి నుంచి శనివారం సాయంత్రం వాకిట్లో కూర్చుని ఆ పెట్టె తెరిచి చూడడం మాకు అలవాటైంది. నేను అడగడం, ఆమె చెప్పడం.

"పట్టేటప్పుడు అవి ఒప్పుకుంటాయా?"

"మూడు సార్లు బంతిలో కొట్టుకుంటాయి. కొన్ని బయటికి దూకేస్తాయి. నిలబడినాయంటే ఒప్పుకున్నట్టు."

"ఒప్పుకున్నట్టు కాదే. అలిసిపోయినట్టు."

ఆమె ఫోన్ కింద పెట్టింది. కాసేపయ్యాక మళ్ళీ తీసింది.

"మూడు వందలు ఒక్క పెట్టెలోనా? గాలి యాడిది? ఒత్తుగా ఉంటే రోగం వస్తాది."

"రాదవ్వా. అది ఆట."

"ఒకే రకంవి నాలుగైదు ఉండాయే, వాటినేం చేస్తావు?"

"తోటకు పంపిస్తా. ఇట్ల నొక్కిపట్టుకుంటే గేటు బొమ్మ వస్తాది. పచ్చాకు మీద రెండు సార్లు నొక్కితే అది పోతాది. బదులుగా ఒక సంచి గింజలిస్తారు. ఆ గింజలు తింటే మిగతావి బలంగా అయితాయి."

"పోయినవి మళ్ళీ యాడన్నా కనపడతాయా?"

"పడవు."

"మరి ఆ గింజలు దేంతో చేసినారో అడిగినావా ఎప్పుడన్నా?"

ఆమె ఫోన్ వంకా నా వంకా చూసింది. "అవ్వా, నాకంటే పెద్ద వీగన్‌వి నువ్వు" అంది. ఆ రోజు నుంచి తోటకు పంపడం కూడా మానేసింది. ఆటలో పాలు తాగించే వంతు వస్తే వద్దని నొక్కేది, తేనె ఇస్తే తీసుకునేది కాదు. కొట్లాట లేదు, పట్టడం లేదు, వదలడం లేదు. ఇంక ఆ ఆటలో ఏం మిగిలిందని అడిగితే, "నువ్వు నడుస్తాండావు కదా" అంది.

ఎనిమిది నెలలు నడిచాను. అదీ ఒకే జంతువుతో. మూడు వందలున్నా ఆమె దాన్నే నాతో పంపేది. గుండ్రటి ఒళ్ళు, పొట్టి కొమ్ములు, తోక చివర కుచ్చు. నేను ఆకు మోపు దించి తిత్తి తెరిచి చూస్తే అది నా వైపు చూసేది. చూస్తుందని కాదు, అట్లా చేశారు. అయినా నేను ఒకటి రెండు సార్లు పలకరించాను.

ఇక ఆ ఆదివారం. గూళ్ళు తీసే రోజు. గూడు కట్టిన ఐదో రోజో ఆరో రోజో తీసేసి, మరుసటి పొద్దునే మార్కెట్టుకు వేయాలి. ఆలస్యమైతే లోపల పురుగు రెక్కలొచ్చి, సీతాకోకచిలుక మాదిరి చిలుక అయి గూడు చిల్లు చేసుకుని బయటికొస్తుంది, ఆ గూడు దారానికి పనికిరాదు. కొడుకూ కోడలూ ఒక కొసన తీస్తున్నారు, నేను ఇంకో కొసన. మనవరాలు కొళాయి దగ్గర బట్టలు ఉతుక్కుంటోంది. నడుము పట్టేసి ఒక ఘడియ గోడకానుకుని, వక్క కోసం తిత్తి తెరిచాను. చేతికి ఫోన్ తగిలింది. చూశాను.

జంతువు రంగు పాలిపోయి ఉంది. ఒళ్ళు ఉబ్బింది. చర్మం బిగుసుకుని మెరుస్తోంది. నిలకడగా ఒకచోట ఉండక, తెర అంచుల వెంబడి చుట్టూ చుట్టూ తిరుగుతోంది.

షెడ్డులో ఇట్లాంటి పురుగు కనిపిస్తే నేను ఊపిరి కూడా తీసుకోను. పాలరోగం. ఒళ్ళు ఉబ్బుతుంది, మెరుస్తుంది, తట్ట అంచుల్లో పాకుతుంది, చర్మం చిట్లి పాల లాంటి నీరు కారుతుంది. ఆ నీరు తగిలినవన్నీ పోతాయి. పుల్లతో ఎత్తి సున్నం నీళ్ళలో వేసేయాలి, ఎవరినీ అడగకూడదు. నలభై ఏళ్ళలో ఎన్ని పంటలు ఆ పుల్లతో కాపాడుకున్నానో నాకే తెలియదు.

అదే పెట్టెలో ఇంకా మూడు వందలున్నాయి. నొక్కిపట్టుకున్నాను. గేటు బొమ్మ వచ్చింది. పచ్చాకు మీద రెండు సార్లు నొక్కాను. అది గేటు దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి, లోపలికి పోయింది. ఒక సంచి గింజలు వచ్చాయి. మనవరాలు చేతులు తుడుచుకుంటూ వస్తే, "నీ పెట్టెకు పాలరోగం తగులుకుండె, నేను చూసి తీసేసినాను, మిగతావి బతికినాయి" అని గొప్పగా చెప్పాను.

ఆమె గడప అవతల నుంచే నా చేతిలోని ఫోన్ మీద వేలు పెట్టి చూసుకుంది. పెట్టె అటూ ఇటూ తిప్పింది. మెట్టు మీద కూలబడింది.

"రోగం కాదవ్వా. అది పండింది. ఇంగో వారానికి రూపు మారుతాండె. నువ్వు నడిచిందంతా దాని కోసమే."

నాకు ముఖం మాడిపోయింది. పండిన పురుగుకూ ఇవే గుర్తులు. అదీ రంగు మారుతుంది, మెరుస్తుంది, గూడు కట్టే చోటు వెతుక్కుంటూ అంచుల్లో తిరుగుతుంది. కొత్తగా పురుగులు పెట్టినవాళ్ళు ఈ రెంటినీ తారుమారు చేసి, పండినవాటిని పారేసుకుని ఏడుస్తారు. ఎండకు ఎత్తి చూడండి, పండిందైతే ద్రాక్షపండు మాదిరి వెలుతురు లోపలికి పోతుంది, రోగందైతే మబ్బుగా ఉంటుంది అని మా పల్లెలో ఆడవాళ్ళందరికీ నేర్పింది నేనే. ఫోన్‌ను ఎండకు ఎత్తితే ఏం కనిపిస్తుంది, నా ముఖమే కనిపిస్తుంది.

తప్పు నాదని తెలిసినప్పుడు నా గొంతు పెరుగుతుంది. అక్కడి నుంచే మొదట రాసిన మాటలన్నీ వచ్చాయి. సంగటి కెలకొద్దు అన్న దగ్గర అవి ఆగాయి.

కోడలు అవతలి కొస నుంచి తొంగి చూసి, కొడుకును తీసుకుని టీ పెడతానని ఇంట్లోకి పోయింది. ఆ మాత్రం తెలివి ఉంది.

"వెనక్కి తెప్పించేదానికి లేదా?" అన్నాను, గొంతు తగ్గించి.

"లేదు."

"అట్లాంటిదే ఇంగొకటి పట్టుకో."

"నువ్వు అప్పుడు కూడా ఇదే మాట అన్నావు."

"ఎప్పుడు?"

"నాకు పదేండ్లప్పుడు. ఎండాకాలం సెలవుల్లో. దానికి నేనేం పేరు పెట్టినానో నీకు తెలుసా?"

తెలియదు. ఎనిమిది నెలలు దాన్ని తిత్తిలో మోశాను, పేరు అడగలేదు. ఆమె చెప్పింది. నేను ఇక్కడ రాయను, అది మా ఇంట్లో మాట. అది మా కోడెదూడ పేరు.

అప్పట్లో మాకు ఒక ఆవు ఉండేది. కోడెదూడను ఈనింది. ఈమె ఆ సెలవులంతా దూడ పక్కనే ఉండేది, దాని మెడ కింద గోకుతూ, నా చెంబులోంచి పాలు దొంగిలించి దానికి తాగిస్తూ. ఇంట్లో ఎద్దులతో పని లేదు, ట్రాక్టర్లు వచ్చేశాయి. మేత ఊరికే పోతోంది. ఒక పొద్దున ఈమె లేవకముందే దూడను సంతకు తోలించాను. లేచి అడిగితే, "రొద్దం పక్క మనోళ్ళ తోట ఉండాది, ఆడికి పంపించినాం. బాగ గడ్డి ఉంటాది" అన్నాను. రెండు రోజులు ఏడ్చింది. ఇంకో దూడ పుడుతుందిలే అన్నాను. మూడో రోజు వాళ్ళమ్మ ఫోన్‌లో ఈ ఆట పెట్టుకుని కూర్చుంది, ఏడుపు ఆగింది. ఆట మంచిదే అనుకున్నాను.

"దాన్నీ తోటకే పంపించినామన్నావు" అంది, గడప అవతల నుంచి. "ఇప్పుడు ఇదీ తోటకే పోయింది."

నా చేతిలో గూళ్ళు ఉన్నాయి. తీస్తూనే ఉన్నాను. పది, పదిహేను తీసి ఉంటాను.

"తోట లేదు," అన్నాను. "రొద్దంలో మనకెవురూ లేరు. అమ్మేసినాను. ఎవురికి అమ్మినానో కూడా నాకు తెలీదు. సంతలో ఎవురో తోలుకపోయినారు."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసె?"

"అప్పుడే. నువ్వు తోట అన్నప్పుడే. నీకు అబద్ధం చెప్పేదానికి రాదు, గట్టిగా చెప్తావు."

టీ వచ్చింది. కోడలు ఆమెకు పాలు లేకుండా వేరే గ్లాసులో తెచ్చింది. ఆమె తాగింది. నాది చల్లారిపోయింది, అయినా తాగాను, పారబోయడం ఎందుకని.

పొద్దు వాలేసరికి గూళ్ళన్నీ తీయడం అయింది. కొడుకు పశువులకు గడ్డి వేయడానికి పోయాడు. నేను షెడ్డులో కూర్చుని గూళ్ళు ఏరుతున్నాను. మంచివి సంచిలోకి, మచ్చలున్నవి, రెండేసి పురుగులు కలిసి కట్టినవి వేరే బుట్టలోకి. మచ్చగూళ్ళను మార్కెట్టులో పక్కన పడేస్తారు. ఆమె గడప మీద కూర్చుంది. లోపలికి కాదు, బయటికీ కాదు.

"వీటిని అమ్మకుండా ఉంచితే ఏమైతాది?"

"ఇంగో వారానికి చిలుకలు వస్తాయి. తెల్లగా, ముద్దుగా ఉంటాయి."

"వచ్చి యాడికి పోతాయి?"

"యాడికీ పోవు. రెక్కలుంటాయి, ఎగరలేవు. తినేదానికి నోరు పనికిరాదు. ఆడదీ మగదీ కలుస్తాయి, గుడ్లు పెడతాయి, నాలుగైదు రోజులకు చచ్చిపోతాయి."

ఆమెకు అది తెలియదని నాకు అప్పుడే తెలిసింది. ఏడాదిగా వదలండి వదలండి అంటున్నది, వదిలితే ఏమవుతుందో ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఎవురు చేసినారు వాటినట్ల?"

"మనమే. నాకు ముందర నుంచి, మా నాయనకు ముందర నుంచి. పెంచి పెంచి అట్లయినాయి."

"అయితే మొదలే పెంచకుండా ఉండాల."

"ఇప్పుడు చెప్తే ఎట్లనే, సంచిలో ఉండాయి."

"వచ్చే పంటకు?"

"పిల్లపురుగులకు ముందే చెప్పేసినాను. దుడ్లు కూడా కట్టినాను."

"నేను చెప్తూనే ఉంటా."

"చెప్పు. చెవులుండాయి."

చెప్పాలంటే ఉండాలి కదా, ఉండాలంటే రావాలి కదా అని నాకు అనిపించింది. కానీ వచ్చే శనివారం సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రాత్రి సంగటి తిని చెరో మూల పడుకున్నాం.

సోమవారం తెల్లవారగానే లేచాను. రెండు సంచుల మూతులు కుట్టే ముందు, ఒకదాంట్లోంచి ఇరవై గూళ్ళు తీశాను. మచ్చగూళ్ళ బుట్టలోవి కాదు, మంచివే, గట్టివి, ఒకే సైజువి. దాచుకున్న ఖాళీ పెరుగు డబ్బా ఒకటి కడిగి, సూదితో మూతకు చిల్లులు పొడిచి, అడుగున కాగితం పరిచి వాటిని పేర్చాను. ఆమె తల దువ్వుకుంటుంటే ముందర పెట్టాను.

"పెరుగు డబ్బానా?" అంది.

"కడిగినాను లే. వారానికి వస్తాయి. ఎండలో పెట్టొద్దు, చీమలు రాకుండా చూడు."

మూత తీసి చూసింది. ఒకటి చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపింది. లోపల పురుగు కదిలే చప్పుడు వస్తుంది, అందరూ మొదట చేసే పని అదే. మూత పెట్టేసింది.

ఏడు గంటల బస్సు ఎక్కాం. కండక్టరుకు ఇద్దరం ఆధార్ కార్డులు చూపించాం, ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా. సంచులకు మాత్రం లగేజీ కట్టమన్నాడు. ఒక సంచి కాళ్ళ కింద పట్టేంతే ఉందని వాదించి ఒకదానికే కట్టాను. ఎప్పుడూ సంచులకు దూరంగా ముందు సీట్లో కూర్చునే పిల్ల, ఆ పొద్దున బస్సు నిండి ఉండి నా పక్కనే కూర్చుంది, ఒళ్ళో డబ్బా పెట్టుకుని. దారిలో ఆమె కాస్త నిద్రపోయింది కూడా.

హిందూపురం బస్టాండులో దిగినాక ఒక ఆటో అతను సంచులు ఎత్తి పెట్టాడు. నేను ఎక్కబోతుంటే ఆమె నా తిత్తి లాగి పట్టుకుంది. పగిలిన ఫోన్ తీసి వక్కల మధ్య దూర్చింది.

"మార్కెట్టులో తిరుగుతావు కదా. పెట్టెలోంచి ఇంగోదాన్ని పెట్టినా. నడువు చాలు. ఏదీ నొక్కొద్దు."

"రోగమొస్తే?"

"నొక్కొద్దు. శనివారం నేనొచ్చి చూస్తా."

తిత్తి ముడి బిగించుకుని ఆటో ఎక్కాను. ఆమె డబ్బాను రెండు చేతులతో పట్టుకుని హాస్టల్ దారిన పోయింది.